పెన్నీ ప్రెస్ మెషీన్‌కి నాణెం ఎలా ఎంచుకోవాలి, ఎలా సిద్ధం చేయాలి?

అమెరికాలో జూలు, మ్యూజియంలు, థీమ్ పార్కుల్లో ఒక సెంటు నాణేన్ని (దీన్నే పెన్నీ అంటారు) కోలగా సాగదీసి, దాని మీద బొమ్మ అచ్చువేసే మెషీన్లు ఉంటాయి. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనతో మొదలైన సరదా ఇది. సాధారణంగా 50 సెంట్లో, డాలరో తీసుకుంటాయి. పెన్నీ మాత్రం చాలాచోట్ల మనదే. బొమ్మ అందంగా పడటం చాలావరకు ఆ పెన్నీ మీదే ఆధారపడుతుంది.

1. ముందు సంవత్సరం చూడండి

1981, అంతకు ముందువి తీసుకోండి. వాటిలో 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు. 1983 నుంచి వచ్చినవి 97.5 శాతం జింకే, పైన పల్చటి రాగి పూత, బరువు 2.5 గ్రాములు. రోలర్ల మధ్య నలిగేటప్పుడు ఆ పూత చిరిగి బొమ్మ మీద తెల్లటి చారలు పడతాయి. 1982లో రెండు రకాలూ వచ్చాయి. తూకం వేస్తే తెలిసిపోతుంది. తూకం లేకపోతే బండ మీద వేయండి: రాగిది ఖంగుమంటుంది, జింకుది టప్పుమని ఊరుకుంటుంది.

బాగా అరిగిన నాణెమైతే ఇంకా మంచిది. కొత్తదానిలో పెన్నీ మీదుండే లింకన్ ముఖం ఉబ్బెత్తుగా ఉండి, అచ్చు పడ్డాక కూడా నీడలా కనబడుతుంది.

1943 నాటివి దాదాపు అన్నీ ఉక్కువే. అయస్కాంతానికి అంటుకునేది ఏదైనా వద్దు, మెషీన్‌లోని అచ్చు పాడవుతుంది. మన రూపాయి బిళ్లలు కూడా స్టీలువే, పైగా నాణేన్ని పాడుచేయడాన్ని 2011 నాణేల చట్టం ఒప్పుకోదు. అమెరికా చట్టం తప్పుపట్టేది మోసం చేసే ఉద్దేశంతో మార్చడాన్నే. వెనక గోధుమ కంకులున్నవి (1958 దాకా) నాణేలు సేకరించేవాళ్లు కొంటారు, పక్కన పెట్టండి.

బ్యాంకులో 50 సెంట్లిస్తే 50 పెన్నీల రోల్ దొరుకుతుంది, అందులోంచి ఏరుకోండి. చలామణీ కోసం వీటి ముద్రణ 2025 నవంబరులో ఆగిపోయింది, ఉన్నవి మాత్రం చెల్లుతాయి.

2. మెరిసేలా కడగండి

గాజు గిన్నెలో పావు కప్పు వెనిగర్, ఒక చెంచా ఉప్పు కలిపి రాగి పెన్నీలను ఐదు నిమిషాలు వేయండి. తీయగానే కుళాయి కింద బాగా కడిగి గుడ్డతో తుడవండి. కడగకుండా వదిలేస్తే పచ్చటి చిలుము పడుతుంది. రాగి చెంబులు తోమే చింతపండూ పనికొస్తుంది, కాకపోతే అక్షరాల సందుల్లో గుజ్జు ఇరుక్కుంటుంది, టూత్‌బ్రష్ కావాలి. జింకు పెన్నీని నానబెట్టకండి: గీత పడ్డ చోట పులుపు లోపలికి దిగి జింకును తినేస్తుంది. నూనె, పాలిష్ లాంటివి రాయొద్దు.

3. మెషీన్ దగ్గర

ముందు బొమ్మ ఎంచుకుని, తర్వాతే డబ్బులు వేయండి. పెన్నీ దాని గాడిలో సరిగ్గా కూర్చున్నాక స్లైడును చివరిదాకా నెట్టండి. హ్యాండిల్‌ను ఒకే దిక్కుగా, నెమ్మదిగా, ఆపకుండా తిప్పండి. మధ్యలో బరువెక్కితే భయపడొద్దు, నాణెం నలిగేది అప్పుడే. వెనక్కి తిప్పితే మాత్రం బొమ్మ చెదురుతుంది, లేదా నాణెం ఇరుక్కుంటుంది.

బయటికొచ్చిన నాణెం అంచు పదునుగా ఉండవచ్చు, పిల్లల చేతికిచ్చే ముందు వేలితో తడిమి చూడండి. దాచేటప్పుడు పీవీసీ కవర్లు వాడకండి, రాగి జిగటగా పచ్చబడుతుంది.