నీకు ఏ పరుగు నప్పుతుందో ఇలా తెలుసుకో

స్కూల్లో పరుగు పందెం అనగానే అందరూ 100 మీటర్ల గీత దగ్గరికే పరుగెత్తుతారు. అందులో నాలుగో ఐదో వస్తే "నాకు పరుగు రాదు" అని గ్రౌండ్‌కి రావడమే మానేసిన పిల్లల్ని చాలామందిని చూశాను, బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో కొందరు చివరి 20 మీటర్లలో ముందువాళ్లని దాదాపు అందుకుంటూ ఉంటారు. అలాంటివాళ్లకి ఇంకాస్త దూరం ఉంటే చాలు.

అందుకే ముందు అన్ని దూరాలూ పరుగెత్తి చూడు. 100, 200, 400, 800 (అండర్-14 అయితే 800 బదులు 600). అన్నీ ఒకే రోజు వద్దు, రోజుకి ఒకటి, మధ్యలో రెండ్రోజుల విశ్రాంతి. ఒకే గ్రౌండ్, అవే బూట్లు, టైము చూసే మనిషి కూడా ఒకరే అయితే మంచిది. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే ఎలక్ట్రానిక్ టైము కంటే పావు సెకను దాకా తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆ అంకెని పెద్ద పోటీల టైములతో పోల్చుకుని పొంగిపోవద్దు.

ఇప్పుడు లెక్క. నీ 200 టైము, 100 టైముకి రెట్టింపు కంటే ఒకట్రెండు సెకన్లే ఎక్కువుంటే నీ వేగం నిలబడుతోందన్నమాట. 200ని రెట్టింపు చేసి ఐదారు సెకన్లు కలుపు, ఆ లోపు 400 ముగించావా? అంటే 200కి 29 పడితే 400 ఒక 64లో వచ్చిందా? వస్తే 400ని సీరియస్‌గా తీసుకో, మన స్కూళ్లలో ఆ దూరానికి ధైర్యం చేసేవాళ్లే తక్కువ. 800 టైము 400కి రెట్టింపు మీద 15-20 సెకన్ల లోపే ఉంటే నీది దమ్మున్న పరుగు. ఇవి నేను చూసుకునే మోటు లెక్కలు, ప్రాక్టీస్ లేని వాళ్లకి మొదట్లో ఇంకా ఎక్కువే వస్తుంది, రెండు నెలలాగి మళ్లీ చూడాలి.

హర్డిల్స్‌ని, అంటే దారిలో పెట్టిన అడ్డుచట్రాల్ని దూకుతూ చేసే పరుగుని, మర్చిపోవద్దు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పొడవు చూసి స్కూల్లో పీఈటీనే ఆ దారి పట్టించారు. 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు ముగించిన మొదటి భారతీయ మహిళ ఆమె, 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ పరుగెత్తింది. మీ బడిలో హర్డిల్స్ లేకపోతే మోకాలి ఎత్తున్న నాలుగు అట్టపెట్టెలు ఆరేడు మీటర్లకొకటి పెట్టు. మధ్యలో మూడే అంగలతో, ప్రతిసారీ అదే కాలు ముందుకేసి, ఆగకుండా దాటగలిగితే వెళ్లి సార్‌కి చూపించు.

ఇంకో మాట, 13-15 ఏళ్ల మధ్య ఒళ్లు ఒక్కసారిగా సాగుతుంది, నిరుడు గెలిచిన పరుగులో ఈ ఏడు వెనకబడొచ్చు. కంగారుపడకు, ప్రతి సీజన్ మొదట్లో పరీక్షలన్నీ మళ్లీ పెట్టుకో. తెలంగాణ అమ్మాయి అగసర నందిని కూడా హర్డిల్స్ నుంచి హెప్టథ్లాన్‌కి (పరుగులు, దూకుడు, విసురుడు కలిపి ఏడు పోటీలు) మారాకే 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. మోకాలి కింద నొప్పి వారం దాటినా తగ్గకపోతే మాత్రం పరుగు ఆపి డాక్టర్‌కి చూపించు.

మండల పోటీలకి పేర్లు ఇచ్చేటప్పుడు రెండు దూరాలకి ఇవ్వు, ఒకటి నీ లెక్కలో తేలింది, ఇంకోటి నీకు ఇష్టమైనది. నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలా 400 మీటర్లు పరుగెత్తే 4×400 రిలేలో చోటు ఖాళీ ఉంటే అడిగి చేరు. బ్యాటన్ (ఒకరి నుంచి ఒకరికి అందించే కర్ర) చేతిలో ఉన్నప్పుడు ఒక్కడివే ఎప్పుడూ పరుగెత్తనంత గట్టిగా పరుగెత్తుతావు, నీ అసలు 400 టైము అక్కడే బయటపడుతుంది.