జపాన్ వేలంలో పాత లెన్సు కొనేముందు

యాహూ జపాన్ వేలంలో పాత కెమెరా లెన్సులు కొనే మనవాళ్లకి ఒక మాట. ఫొటోలు చూసి మురిసిపోకండి, వివరణ చదవండి. బ్రౌజర్ అనువాదం ఒక్కటే నమ్ముకోకుండా నాలుగు జపనీస్ మాటలు గుర్తుపెట్టుకోండి. ‘కబి’ అంటే గాజులో బూజు, ‘కుమొరి’ అంటే మసక. పక్కన ‘అరి’ ఉంటే ఆ లోపం ఉన్నట్టు, ‘నషి’ ఉంటే లేనట్టు.

‘కుమొరి’ని అనువాదం ‘మేఘావృతం’ అని చూపిస్తే నేను పట్టించుకోలేదు. లెన్సు వచ్చాక వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపలంతా పాలు ఒలికినట్టు తెల్లటి పొర! ఎంత బాధేసిందో. ‘జంకు’ అని రాసినవైతే పనిచేస్తాయన్న హామీ లేకుండా అమ్మేవి, వాపసు ఆశ పెట్టుకోవద్దు.

చాలామంది అమ్మకందార్లు విదేశాలకి పంపరు కాబట్టి మధ్యవర్తి సర్వీసు తప్పదు. దాని ఫీజు, జపాన్ లోపలి రవాణా, విదేశీ పార్సిల్, కస్టమ్స్ అన్నీ మీ బడ్జెట్‌లోంచి తీసేశాకే మీ గరిష్ఠ ధర వేయండి. చాలా వేలాల్లో చివరి 5 నిమిషాల్లో ఎవరైనా ధర పెంచితే గడువు మరో 5 నిమిషాలు పెరుగుతుంది. ఆ టెన్షన్‌లో అనుకున్న అంకె దాటకండి.