కర్నూలులో లా కాలేజీ లైబ్రరీకి బయటివాళ్లుగా వెళ్తున్నారా, ఇవి తెలుసుకుని వెళ్లండి

లా కాలేజీ లైబ్రరీ అంటే అక్కడ ఫీజు కట్టినవాళ్లకో, నల్లకోటు వేసుకున్నవాళ్లకో తప్ప మనకు కాదనుకుని చాలామంది గేటు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. నేనూ అలాగే తిరిగాను. కోడుమూరు దగ్గర మా తాత పేరు మీదున్న పొలం పంపకాల్లో పేచీ వచ్చినప్పుడు, లాయర్ గారు చెప్పే మాటల్లో సగం అర్థం కాక, అర్థం కానివి మళ్లీ మళ్లీ అడగలేక, ఆ చట్టం ఏదో నేనే ఒకసారి చదువుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుంది కదా అనిపించి ఒకరోజు ధైర్యం చేసి లోపలికి వెళ్లి అడిగాను. ఒక దరఖాస్తు రాసిమ్మన్నారు, అంతే. అప్పటి నుంచి అక్కడ కూర్చుని చదువుతున్నాను కాబట్టి ఇదంతా చెప్పగలుగుతున్నాను.

ముందుగా ఒక విషయం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీకీ లైబ్రరీ ఉండి తీరాలి, కానీ బయటివాళ్లను రానివ్వాలా వద్దా అన్నది ఆ కాలేజీ ఇష్టం. కొన్ని రానిస్తాయి, కొన్ని వాళ్ల పూర్వ విద్యార్థులనూ ప్రాక్టీసులో ఉన్న లాయర్లనూ మాత్రమే రానిస్తాయి, ఇంకొన్ని చోట్ల కొంత డిపాజిట్ కట్టించుకుంటారు. ఫోన్‌లో అడిగితే ఎవరో ఒకరు కుదరదనేసి పెట్టేస్తారు, కాబట్టి నేరుగా వెళ్లండి. పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో, క్లాసుల హడావిడి తగ్గాక, లైబ్రేరియన్‌నే కలవండి. అటెండర్‌ను అడిగి ఆయన కాదన్నాడని వచ్చేయొద్దు, ఎందుకంటే అనుమతి ఇచ్చే అధికారం ఆయనకు ఉండదు, పాపం ఆయన కాదనక ఏమంటాడు.

దరఖాస్తు ప్రిన్సిపాల్ గారి పేరున, లైబ్రేరియన్ ద్వారా అని రాయండి. పెద్ద కథ అక్కర్లేదు. 'అయ్యా, నేను కర్నూలు నివాసిని. హిందూ వారసత్వ చట్టానికి సంబంధించిన పుస్తకాలు, తీర్పులు చదువుకోవడానికి మీ లైబ్రరీలో నెల రోజులు కూర్చునే అవకాశం ఇవ్వగలరు. పుస్తకాలు బయటికి తీసుకెళ్లను, లైబ్రరీ నిబంధనలు పాటిస్తాను' అని నాలుగు ముక్కలు రాసి, ఆధార్ జిరాక్స్ ఒకటి, పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి జతచేస్తే చాలు. ఏం చదవాలో రాయడం, ఎన్ని రోజులో రాయడం, ఈ రెండూ చాలా ముఖ్యం. 'చదువుకోవడానికి' అని ఊరికే రాస్తే గ్రూప్స్ ప్రిపరేషన్‌కు ఏసీ గది కోసం వచ్చాడేమో అనుకుంటారు. నిజంగా గ్రూప్సో పోలీసు ఉద్యోగమో సొంత పుస్తకాలతో చదువుకునేవాళ్లైతే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లడమే న్యాయం, అది మనం కట్టే ఇంటి పన్నులోని గ్రంథాలయ సెస్సుతో నడిచేది, అక్కడ అందరికీ హక్కు ఉంది. లా కాలేజీలో మాత్రం మనం అతిథులం. సీట్లు తక్కువ, ఆ సీట్ల మీద మొదటి హక్కు ఆ పిల్లలది.

అందుకే వేళ చూసుకుని వెళ్లడం నేర్చుకోవాలి. సెమిస్టర్ పరీక్షలకు రెండు వారాల ముందు నుంచి అవి అయిపోయేదాకా వెళ్లకండి, వెళ్లినా సీటు దొరకదు, దొరికినా ఒక పిల్ల నిలబడి చూస్తుంటే మనకు చదువు సాగదు. మూట్ కోర్టు పోటీలు, అంటే పిల్లలు ఉత్తుత్తి కేసులు వాదించే పోటీలు, ఉన్నప్పుడూ అంతే. మామూలు రోజుల్లో మధ్యాహ్నం క్లాసులు నడిచే గంటల్లో హాలు సగం ఖాళీగా ఉంటుంది. ఆదివారం కాలేజీకి సెలవు, ప్రభుత్వ గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, కాబట్టి ఆదివారం గ్రంథాలయంలో బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానాలేవీ లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం, చదువుకుని, శుక్రవారం కాలేజీలో తీర్పులు చూసుకునేలా నేను సర్దుకున్నాను. మార్చి దాటితే మన ఊరి ఎండ సంగతి తెలిసిందే, ఫ్యాన్ కింది సీట్లన్నీ ముందే నిండిపోతాయి, పొద్దున్నే వెళ్లిపోండి.

లోపలికి వెళ్లాక బ్యాగు కౌంటర్ దగ్గర పెట్టాలి, రిజిస్టర్‌లో పేరు, టైము రాయాలి. తెల్ల కాగితాలు, పెన్సిల్, మీ కేసు కాగితాల జిరాక్సులు మాత్రమే చేతిలో ఉంచుకోండి. ఒరిజినల్ దస్తావేజులు మాత్రం తీసుకెళ్లొద్దని బతిమాలి చెబుతున్నాను. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఎందరి ఇళ్లలో పట్టాలూ పాసుపుస్తకాలూ నానిపోయాయో, వాటి నకళ్ల కోసం తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగారో మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి కాగితం లైబ్రరీ టేబుల్ మీద మరిచిపోయి రావడం ఎందుకు?

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. సాధారణంగా పొడవాటి రీడింగ్ టేబుళ్లు, గోడవారగా ఒక్కొక్కరికి అడ్డు చెక్కలు పెట్టిన సీట్లు, కంప్యూటర్లు ఉండే మూల, కొన్ని చోట్ల గుంపుగా మాట్లాడుకోవడానికి చిన్న గది ఉంటాయి. అడ్డు చెక్కల సీట్లు పిల్లలకు వదిలేయండి. మనకు పొడవాటి టేబుల్ చివర కుర్చీయే మేలు, ఎందుకంటే లావు లావు తీర్పుల వాల్యూములు రెండు మూడు పక్కపక్కన తెరిచి పెట్టుకోవాలంటే చోటు కావాలి. టిఫినుకు లేచి వెళ్తూ సీటు మీద కర్చీఫ్ వేసి పోవడం బస్సులో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. పావుగంటకు మించి వెళ్లేట్టయితే పుస్తకాల సంగతి కౌంటర్‌లో చెప్పి సీటు ఖాళీ చేయండి. ఉగ్గాని బజ్జీ తిని వచ్చినవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకోవాలి, పాత పేజీలకు నూనె అంటితే ఇక పోదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, ఇంటి నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడండి. హాల్లో గుసగుస కూడా వద్దు.

ఇక అసలు పని. లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి మన కష్టమంతా చెప్పి ఏం చేయాలని అడిగితే ఆయనేమీ చేయలేరు, సలహా ఇవ్వడం ఆయన పని కాదు. పుస్తకం చూపించడం ఆయన పని. అందుకే ఇంటి దగ్గరే ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకుని వెళ్లండి. నా ప్రశ్న ఇది: ఉమ్మడి ఆస్తిలో మా మేనత్తకు వాటా ఉందా లేదా? దీనికి హిందూ వారసత్వ చట్టం, 1956, సెక్షన్ 6 చూడాలని ఆయన చూపించారు. అలమారలో ఆ చట్టం మీద నాలుగు పుస్తకాలుంటే నేను అందులో లావుగా ఉన్నది తీసి, సాయంత్రం దాకా నోట్సు రాసుకున్నాను. తీరా చూస్తే అది 2005కు ముందు అచ్చయింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి ఆ సెక్షన్ పూర్తిగా మారిపోయి కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2005 మార్పుకు ఇరవై ఏళ్ల ముందే మన రాష్ట్రం, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు ఇస్తూ సొంతంగా సవరణ తెచ్చుకుంది. నేను రాసుకున్న నోట్సులో ఇవేవీ లేవు, ఒక రోజంతా వృథా అయింది. పుస్తకం తీయగానే మొదటి పేజీ వెనక అచ్చయిన సంవత్సరం చూడండి, అన్నిటికంటే ముందు అది చూడండి.

క్రిమినల్ కేసుల పుస్తకాల్లో ఇది ఇంకా ముఖ్యం. ఐపీసీ పుస్తకాలు ఇప్పటికీ అలమారల నిండా ఉంటాయి గానీ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మనం నోటితో అనే 420 ఇప్పుడు 318(4)లో ఉంది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికైతే పాత చట్టమే చూడాలి.

తీర్పులు వెతకడం మొదట్లో భయపెడుతుంది, అరగంటలో అలవాటవుతుంది. మన కర్నూలు కేసుతోనే నేర్చుకోండి. ఏఐఆర్ 1964 ఎస్సీ 962 అని రాసి ఉందనుకోండి, ఆల్ ఇండియా రిపోర్టర్, 1964 సంవత్సరం, సుప్రీంకోర్టు భాగం, 962వ పేజీ అని అర్థం. తీసి చూస్తే సీఎస్ రౌజీ కేసు కనిపిస్తుంది, మన జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసిన వ్యవహారం. అప్పటి ముఖ్యమంత్రి మీద చేసిన ఆరోపణలకు ఆయన అఫిడవిట్‌తో జవాబివ్వలేదని కోర్టు ఎత్తిచూపింది, ఆ తీర్పు తర్వాత నీలం సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. మనం రోజూ ఎక్కే బస్సుల వెనక ఇంత కథ ఉందని నాకు ఆ టేబుల్ దగ్గరే తెలిసింది, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మీరూ చదవండి. అయితే తీర్పు పైన చిన్న అక్షరాల్లో ఉండే హెడ్‌నోట్ చదివి ఆపేయొద్దు. అది సంపాదకులు రాసింది, జడ్జి గారి మాట కాదు.

మన ప్రాంతం పాత భూముల తగాదాలకు హైకోర్టు తీర్పులు వెతికేవాళ్లు ఏ కోర్టు పేరు కింద వెతకాలో కూడా గుర్తుంచుకోవాలి. 1954 జూలై దాకా మనది మద్రాసు హైకోర్టు, తర్వాత గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబర్ నుంచి హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. 1940ల నాటి మన జిల్లా కేసు ఆంధ్ర అని రాసిన అలమారలో ఎంత వెతికినా దొరకదు, మద్రాసు వాల్యూముల్లో ఉంటుంది.

తీర్పును ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చా అని చాలామంది భయపడతారు. కోర్టు తీర్పును కాపీ చేసుకోవడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు కాదు. వ్యాఖ్యానాల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా ఫోటోలు తీయడం మాత్రం తప్పే. ఏదైనా కౌంటర్‌లో అడిగి తీయండి. సుప్రీంకోర్టు తీర్పులైతే 2023 జనవరి నుంచి ఆ కోర్టు వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటి కోసం లైబ్రరీ సమయం ఖర్చు చేయకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. మీకు సమన్లు వచ్చి ఉంటే, అప్పీలుకు గడువు దగ్గరపడుతుంటే, లైబ్రరీలో కూర్చోవద్దు, ముందు లాయర్‌ను కలవండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు. లా కాలేజీలోనే న్యాయ సహాయ కేంద్రం ఉంటుంది, అదీ అడగండి.

లేచేటప్పుడు పుస్తకాలు మీరే అలమారలో పెట్టకండి, తప్పు చోట పెడితే ఆ వాల్యూము నెలల తరబడి ఎవరికీ కనిపించదు. టేబుల్ మీదే వరుసగా పేర్చి కౌంటర్‌లో చెప్పండి. రిజిస్టర్‌లో వెళ్లే టైము రాయండి. అనుమతి గడువు అయిపోవడానికి రెండు రోజుల ముందే ఇంకో దరఖాస్తు ఇచ్చేయండి, అందులో ఈ నెలంతా ఏం చదివారో ఒక వాక్యం రాయండి. నాకు రెండో నెల అలాగే దొరికింది.