సముద్రానికి దూరంగా డైవింగ్ – 4వ పాఠం: ముందు చెవుల సంగతి

ఈసారి ఫిన్స్‌తో, అంటే పాదాలకు తొడుక్కునే రెక్కలతో, కాళ్ళు ఎలా ఆడించాలో చెప్తానన్నాను. అది వాయిదా. పోయిన పాఠంలో స్విమ్మింగ్ పూల్ అడుగున నాణెం వేసి, ఊపిరి బిగబట్టి తలకిందులుగా దిగి తీసుకురమ్మన్నాను కదా, చాలామంది చెవి నొప్పితో సగంలోనే పైకి వచ్చేశారు. ఒకరైతే చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని మరీ దిగారు. ఇంకొకరు డైవింగ్ మాస్క్ ఇంకా కొనలేదని ఈత కళ్ళద్దాలతో దిగితే కళ్ళ చుట్టూ ఎర్రటి వలయాలు పడి రెండు రోజులు పోలేదట. "ముక్కు మూసి మెల్లగా ఊదండి" అని ఒక్క ముక్కలో దాటేసింది నేనే. ఎప్పుడు ఊదాలో చెప్పలేదు, ఈ పాఠమంతా దాని గురించే.

ఇయర్ ప్లగ్స్ వద్దు. ప్లగ్‌కీ కర్ణభేరికీ మధ్య గాలి చిక్కుకుంటుంది, దాని ఒత్తిడి సమం చెయ్యడానికి మీకు దారి ఉండదు. ఈత కళ్ళద్దాల సంగతీ అంతే, ముక్కు బయట ఉంటుంది కాబట్టి లోపలికి గాలి పంపలేరు. మాస్క్ ముక్కును కూడా కప్పేది ఇందుకే. దిగుతూ ముక్కుతో కాస్త గాలి వదిలితే మాస్క్ మొహానికి అతుక్కుపోదు.

నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన 1, పది మీటర్ల దగ్గర 2, ఇరవై దగ్గర 3. పైన లీటరు ఉన్న గాలి పది మీటర్ల దగ్గర అర లీటరు అవుతుంది, ఇరవై దగ్గర మూడో వంతు లీటరు. మొదటి పదిలో సగం పోయింది, తర్వాతి పదిలో పోయింది ఆరో వంతే. మూడు మీటర్ల పూల్ అడుగుకు చేరేసరికే దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. "మాకు సముద్రం ఎక్కడుంది, ఈ పూల్‌లో ఏం వస్తుంది" అని నీరసపడేవాళ్ళు ఈ లెక్క ఇంకోసారి చూడండి. చెవులకు అన్నిటికంటే కష్టమైన మీటర్లు మీ పూల్‌లోనే ఉన్నాయి. ఉప్పునీళ్ళలో ఇంకాస్త ఎక్కువ తేలతారు, నడుముకు కట్టుకునే బరువు కొంచెం పెంచాలి, అది అక్కడికి వెళ్ళాక ఒక్కపూటలో తేలిపోయే పని.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే తప్పు. నొప్పి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఊదడం. కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. ముక్కు వైపున దాని మూతి మెత్తటి పెదవుల్లా మూసుకుని ఉంటుంది, మింగినప్పుడో ఆవులించినప్పుడో తెరుచుకుంటుంది. ముక్కు మూసి ఊదితే గాలి ఆ గదికి చేరేది దీని గుండానే. దిగేకొద్దీ ఒత్తిడి ఆ పెదవులను అదుముతుంది. తడిసిన పాలిథిన్ కవర్ మూతి ఎలా అతుక్కుంటుందో చూశారు కదా, అలా. నొప్పి తెలిసేసరికే అవి బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు బుగ్గలు ఉబ్బేలా ఊదితే తెరుచుకోకపోగా లోపలి చెవి పొర చిరిగే ప్రమాదం ఉంది, వినికిడి తగ్గొచ్చు, తల తిరగొచ్చు. విమానం దిగేటప్పుడు ముందునుంచీ మింగుతూ కూర్చున్నవాళ్ళకు ఏమీ ఉండదు, నిద్రపోయి చివర్లో లేచినవాళ్ళకే చెవులు దిబ్బెళ్ళు పడతాయి. అక్కడా ఇదే గొట్టం, ఇదే ఆలస్యం.

కాబట్టి నీళ్ళలోకి దిగకముందే ఒకసారి ఊదండి, తల మునగగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకూ ఒకసారి. ఏమీ అనిపించకపోయినా సరే. "ఏమీ అనిపించలేదు, అందుకే చెయ్యలేదు" అన్నది ఈసారి నేను ఎక్కువగా విన్న మాట. అనిపించకముందే చెయ్యాలి. ఒత్తిడి తెలిసిందంటే ఆగి, అర మీటరు పైకి వచ్చి మెల్లగా ప్రయత్నించండి. తెరుచుకోకపోతే ఆ రోజుకి చాలు. జలుబు ఉంటే అసలు దిగొద్దు. మాత్ర వేసుకుని దిగడం నాకు ఇష్టం లేదు, దాని ప్రభావం మధ్యలో తగ్గితే పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుంది. నేను ఒకసారి కొద్దిపాటి జలుబే కదా అని దిగి, వారం పైగా ఒక చెవితోనే విన్నాను.

మీరు చేస్తున్నది వల్సాల్వా పద్ధతి, ఛాతీ బలంతో ఊదడం. వీపున గాలి సిలిండర్‌తో, కాళ్ళు కిందికి పెట్టి దిగే స్కూబాలో అది సరిపోతుంది, తలకిందులైతే మొరాయిస్తుంది. నేను అందరికీ చెప్పేది ఫ్రెంజెల్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హెర్మన్ ఫ్రెంజెల్ అనే జర్మన్ డాక్టర్ డైవ్ బాంబర్ (ఆకాశం నుంచి నిట్టనిలువుగా కిందికి దూకి బాంబులు వేసే విమానం) పైలట్లకు నేర్పింది ఇది. ముక్కు పట్టుకుని, నాలుక కొనను ‘త్’ అనేటప్పుడు ఆనే చోటే ఆనించండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు గొంతు మూయండి. కొన కదలకుండా, ‘క్’ అనబోయినట్టు నాలుక వెనక భాగాన్ని పైకి నెట్టండి. నోట్లో ఉన్న గాలే చెవుల్లోకి వెళ్తుంది. అద్దంలో చూస్తే ముక్కుపుటాలు వేళ్ళ పక్కన ఉబ్బుతాయి, కంఠమణి పైకి ఎగురుతుంది. రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి, పొట్ట బిగిసిందంటే మీరు ఇంకా వల్సాల్వాలోనే ఉన్నారు.

అభ్యాసం: 14 రోజులు, నీళ్ళ జోలికి వెళ్ళకుండా, రోజుకు 50 సార్లు. ఒకేసారి కాదు, పదేసి చొప్పున, మెల్లగా. చెవి నొప్పెడితే ఆ రోజు ఆపేయండి. రెండో వారంలో ఊపిరి చాలావరకు వదిలేసి చెయ్యండి, అప్పుడూ చెవుల్లో ‘టిక్’మంటే పద్ధతి కుదిరినట్టే. తర్వాత పూల్‌లో నిచ్చెన పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి, మెట్టుకోసారి ఆగుతూ దిగండి. మీ మీదే కన్నేసి ఉంచే మనిషి గట్టున ఉండాలి. దిగే ముందు గబగబా ఊపిరి తీసి వదలొద్దు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక అందకముందే స్పృహ తప్పొచ్చు. నిచ్చెన మీద నొప్పి లేకుండా మూడుసార్లు అడుగు తాకినవాళ్ళే మళ్ళీ నాణెం వెయ్యండి.