కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చే ముందు మనుషుల విషయంలో జాగ్రత్తలు

- ఎవరి పని ఎలా మారుతుందో పేరుపేరునా రాసుకోండి. "అందరికీ సులువవుతుంది" అని తేల్చేయకండి; ఒకరికి తగ్గిన పని తరచు ఇంకొకరి నెత్తిన పడుతుంది.

- ఉద్యోగాలు పోతాయా అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి. పోయేవి ఉంటే దాచకండి. పుకార్లు మొదలయ్యాక నిజం చెప్పినా నమ్మరు.

- కలిసి పనిచేసే జట్లను విడగొట్టాల్సి వస్తే ఒకటికి పదిసార్లు ఆలోచించండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బ్రిటన్ బొగ్గుగనుల్లో యంత్రాలొచ్చి చిన్న జట్లు చెదిరిపోయాక పనివాళ్ల మధ్య సహకారం దెబ్బతింది, గైర్హాజరు పెరిగింది, ఆశించిన ఉత్పత్తి రాలేదు. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ తమ అధ్యయనంలో చూపించింది దీన్నే. పరికరాన్నీ, మనుషుల మధ్య బంధాలనూ కలిపే చూడాలి.

- అభ్యంతరం చెప్పేవాళ్ల మీద మొండివాళ్లన్న ముద్ర వేయకండి. పాత పద్ధతి లోతుపాతులు చాలాసార్లు వాళ్లకే బాగా తెలుసు. ట్రయల్‌లో మొదట వాళ్లనే కూర్చోబెట్టండి.

- శిక్షణ పని గంటల్లోనే ఇవ్వండి. నేర్చుకునే రోజుల్లో టార్గెట్లు తగ్గించండి, అప్పటి తప్పుల్ని అప్రైజల్‌లో లెక్కించకండి.

- పాత వ్యవస్థను ఏ రోజు ఆపేస్తారో, ఇబ్బందొస్తే ఎవరిని అడగాలో నోటీసులో పెట్టండి.