మ్యాట్ క్లియర్ కొట్టాక మోడల్ తెల్లబడిందా?

లక్షణం: ప్లాస్టిక్ విమానం మోడల్‌కి చివర్లో మ్యాట్ క్లియర్ (మెరుపు తగ్గించే పారదర్శక వార్నిష్) కొట్టేటప్పుడు బాగానే ఉంటుంది. పది నిమిషాలు గడిచాక నల్లటి ముక్కు బూడిదరంగుకి తిరుగుతుంది, ముదురాకుపచ్చ మీద పిండి రాసినట్టు పొర కడుతుంది. లేత బూడిద విమానాలకీ ఇదే జరుగుతుంది గానీ కంటికి ఆనదు.

ముందు సీసా అడుగు చూడండి. మ్యాట్‌నిచ్చే పొడి అడుగున ముద్దకడుతుంది. మూతపెట్టి నాలుగుసార్లు ఊపేసి "కలిపాం కదా" అనేవాళ్లే ఎక్కువ. పుల్లతో అడుగు గీకుతూ, ముద్ద తగలకుండా పోయేదాకా, రెండు మూడు నిమిషాలు తిప్పాలి. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న గన్) కప్పులో కూడా అది మళ్లీ దిగిపోతుంది, మధ్యమధ్యలో కదపండి. స్ప్రే డబ్బా అయితే లోపలి గోళీ మోగడం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా తెల్లబడిందంటే చాలాసార్లు కారణం తేమ. అందులోనూ జనం పట్టుకోలేనిది ఏసీ గది.

వానాకాలంలో శ్రీకాకుళంలో గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి 26 డిగ్రీలున్న వస్తువుకి తగిలితే చాలు, నీరు దిగుతుంది. మోడల్ రాత్రంతా 24 డిగ్రీల ఏసీలో ఉంది. వాసన ఇంట్లో పడదని డాబా మీదికి తెచ్చి వెంటనే కొడతారు. ప్లాస్టిక్ మీద పట్టిన చెమ్మ కంటికి కనబడదు. పైగా లాకర్ (త్వరగా ఆరే ఒక రకం వార్నిష్) పలుచన చేసే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటుని ఇంకాస్త చల్లబరుస్తుంది. పొర ఆరేలోపు నీరు అందులో ఇరుక్కుంటుంది. ఫోన్‌లో వాతావరణం చూస్తే కిందటి వారం బాగా వచ్చిన రోజులాగే ఉంటుంది, అందుకే తప్పు వార్నిష్ మీదికి పోతుంది.

గుర్తు ఒకటుంది: ముక్కు దగ్గర తెలుపు ఎక్కువ. కొన్ని మోడళ్లు తోక మీద కూలబడకుండా ముక్కులో వలలకు కట్టే సీసపు గుళ్లు వేస్తాం కదా, ఆ బరువు చల్లదనాన్ని ఓ పట్టాన వదలదు.

మోడల్‌ని మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోనే బయటికి తెచ్చి, గంట ఆగి మూత తీయండి. ముక్కులో బరువుంటే రెండు గంటలు. తెరిచి తెస్తే అది వేడెక్కేదాకా చెమ్మ పడుతూనే ఉంటుంది. పదకొండు, ఒంటిగంట మధ్య కొట్టడం మేలు. సముద్రానికి దూరంగా ఉన్న బొబ్బిలి, రాజాం వైపు కాస్త వెసులుబాటు ఉంటుంది, కళింగపట్నం, బారువ లాంటి చోట్ల సముద్రపు గాలి ఎక్కకముందే ముగించాలి. పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ మరీ త్వరగా ఆరుతుంది, వద్దు. లెవెలింగ్ థిన్నర్ (నెమ్మదిగా ఆరి పొరని సమంగా పరుచుకోనిచ్చేది) వాడండి, లేదా మామూలు లాకర్ థిన్నర్‌లో పదోవంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదిపరిచే ద్రవం) కలపండి. వాన పడుతుంటే ఆ రోజు మానేయండి.

ఇప్పటికే తెల్లబడితే సాండ్‌పేపర్ పట్టొద్దు. తడివేలితో తుడిచి చూడండి. తడి ఉన్నంతసేపూ రంగు కనబడి, ఆరాక తెలుపు తిరిగొస్తే, పొడి వల్లయినా తేమ వల్లయినా, పలుచటి గ్లాసీ క్లియర్‌తో (మెరిసే వార్నిష్) చాలామటుకు పోతుంది. ఒకరోజు ఆరనిచ్చి మ్యాట్ మళ్లీ కొట్టండి. డెకాల్స్ (నీటితో అంటించే గుర్తుల స్టిక్కర్లు) లేని లాకర్ పొరకైతే ఒట్టి లెవెలింగ్ థిన్నర్‌నే 15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర, జానెడు దూరం నుంచి, తడిసీ తడవనట్టు రెండుసార్లు పోనిస్తే పొర కరిగి సర్దుకుంటుంది. డెకాల్ మీద ఈ పని చేస్తే ముడుచుకుపోతుంది.

డెకాల్ కింద మాత్రమే వెండిలా మెరిస్తే అది గాలి: సూదితో గుచ్చి డెకాల్ సాఫ్ట్‌నర్ వేయండి. చేతికి గరుకు తగిలితే దూరం నుంచి కొట్టారు. చుక్కలు చుక్కలుగా ఉంటే అవి కంప్రెసర్ నుంచి వచ్చిన నీళ్లు, వాటిని పట్టే ట్రాప్ ఖాళీ చేయండి. వార్నిష్ పాడైపోవడం అరుదు, చివరికి గానీ అనుమానించొద్దు. కానోపీ (పైలట్ గది మీది పారదర్శక మూత) చుట్టూ మాత్రమే తెల్లబడితే ఫెవిక్విక్ ఆవిరి. అక్కడ వడ్రంగి వాడే తెల్ల జిగురు చాలు.