బిల్జ్ పంపుకు ఫ్లోట్ స్విచ్ బిగించే ముందు జాగ్రత్తలు

బిల్జ్ పంపు పడవ అడుగున చేరిన నీళ్లను బయటికి తోడుతుంది. నీళ్లు పెరిగితే తేలి దాన్ని ఆన్ చేసేది, తగ్గితే ఆఫ్ చేసేది ఫ్లోట్ స్విచ్. పెట్రోలు ఇంజను పడవైతే ముందు అడుగు భాగం మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వండి. వాసన పూర్తిగా పోయాకే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ఒక్క నిప్పురవ్వ చాలు.

- పంపు నుంచి నీళ్లు బయటికి పోయే పైపులో నిలిచే నీళ్లు లెక్కగట్టండి. లోపలి వ్యాసం 28 మి.మీ., పొడవు 3 మీటర్లుంటే దాదాపు 1.8 లీటర్లు. పంపు ఆగగానే అవి వెనక్కి దిగుతాయి. స్విచ్ ఆన్, ఆఫ్ మట్టాల మధ్య అంతకంటే ఎక్కువ నీళ్లు పట్టాలి. లేకుంటే పంపు ఆగుతూ, మొదలవుతూ తెల్లారేసరికి బ్యాటరీని పీల్చేస్తుంది. దీనికి విరుగుడుగా చాలామంది చెక్ వాల్వ్ (నీళ్లను ఒకే దిశలో పోనిచ్చేది) పెడతారు. వద్దు. అందులో చెత్త ఇరుక్కుంటే నీళ్లు అసలు బయటికే పోవు.

- ఆఫ్ మట్టం పంపు జాలీ పీల్చే మట్టానికి పైనే ఉండాలి. కిందికి పోతే పంపు గాలి పీలుస్తూ ఆగకుండా తిరుగుతుంది.

- ఫ్యూజు పంపు మీద రాసిన సైజుదే, బ్యాటరీకి దగ్గరగా. అంతకంటే పెద్దది వేస్తే, పీచు చుట్టుకుని మోటారు బిగుసుకున్నప్పుడు ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది.

- లైను బ్యాటరీ నుంచి నేరుగా లాగండి. మెయిన్ స్విచ్ ఆపినా పంపు పనిచేయాలి.

- తగరం పూత రాగి వైరే వాడండి. జాయింట్లు నీటి మట్టానికి బాగా పైన, జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేసి. టేపు చుట్టి వదిలేస్తే ఉప్పునీరు లోపలికి పాకి రాగి పచ్చబడుతుంది.

- ఫ్లోటు లేచే దారిలో వైరు, గుడ్డపీలిక అడ్డం రాకూడదు.

పరీక్షకు ఫ్లోటును చేత్తో ఎత్తి చూస్తే చాలదు, బకెట్లతో నీళ్లు పోసి రెండు మట్టాలూ కొలవండి.